ఊపిరితిత్తుల క్యాన్సరు దేహమున నెట్లు ప్రాకును?

మన సిద్దిపేట ప్రాంతమున రాచపుండు అను మాటను పెద్దలు గొంతు తగ్గించి పలుకుదురు. నేడు దానినే క్యాన్సరని యందరు ననుచున్నారు. పేరు మారినను భయము మారలేదు. ఆ భయములో సగము సంగతి తెలియకపోవుటవలన కలిగినదని మా తలంపు. కావున ఈ వ్యాసమున ఊపిరితిత్తులలో పుట్టు క్యాన్సరును గూర్చి, అందును ముఖ్యముగా ఒక్క విషయమును గూర్చి వివరింప బూనితిమి. అది పుట్టినచోట నిలువక మెదడునకును, ఎముకలకును, కాలేయమునకును ఎట్లు చేరుచున్నది?

ఇది వైద్యవిద్యార్థులు చదువుకొనవలసినది గదా, పాఠశాల సంచికలో నేల యని కొంద రడుగవచ్చును. ఈ వ్యాధి అనేకుల యిండ్లలోనికి దగ్గు రూపమున రాదు. నడుమునొప్పిగానో, మానని తలనొప్పిగానో, నలువది యేండ్లు దాటినవానికి ఉన్నట్టుండి వచ్చిన మూర్ఛగానో వచ్చును. ఇంటివారు నడుమునకు తైలము రాయుదురు, మూర్ఛకు తాయెత్తు కట్టుదురు. ఛాతీ మాట ఎవ్వరికిని తట్టదు. ఈ చిక్కు ఎందుచేత కలుగుచున్నదో తెలియవలెనన్నచో వ్యాధి నడచు త్రోవ తెలియవలెను.

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. "క్యాన్సరు ప్రాకును" అని వైద్యుడు చెప్పగా విని, రోగి తినిన కంచమును వేరుగా నుంచువారిని, పసిపిల్లలను తాతగారి మంచముకడకు పోనీయనివారిని మేము చూచియున్నాము. ఇది క్షయను జూచి నేర్చుకొనిన అలవాటు. క్షయ మనుష్యునినుండి మనుష్యునికి గాలిద్వారా సంక్రమించును. దాని విత్తనము బయటినుండి వచ్చిన సూక్ష్మజీవి. అందుచేతనే పూర్వము క్షయరోగులను ఊరికి దూరముగా నుంచి చికిత్స చేయుచుండిరి. మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరములో 1915లో ప్రారంభమైన మిషను క్షయ చికిత్సాలయము అట్టిదే. క్యాన్సరు విత్తనమన్ననో రోగియొక్క సొంత జీవకణమే. అది ఆతని దేహములోనే యొక అవయవమునుండి మరియొక అవయవమునకు పోవును గాని ప్రక్కవానికి అంటదు. తాతగారి మంచముపై కూర్చుండి ఆయనకు వార్తాపత్రిక చదివి వినిపించు మనుమనికి ఆయన క్యాన్సరువలన ఏ యపాయమును లేదు.

ఈ వ్యాధి ఒకప్పుడు మిక్కిలి అరుదు. 1912లో ఐజక్ ఆడ్లరు అను అమెరికా వైద్యుడు అంతవరకు ప్రపంచమున గ్రంథస్థమైన ఊపిరితిత్తుల క్యాన్సరులను వెదకి కూర్చగా లెక్కకు వచ్చినవి 374 మాత్రమే. 2022వ సంవత్సరమున ప్రపంచమునందు క్రొత్తగా ఈ వ్యాధి సోకినవారి సంఖ్య సుమారు 25 లక్షలు, మరణించినవారు సుమారు 18 లక్షలు. పరీక్షలు పెరుగుటచే కొంత హెచ్చు కనబడుట నిజమే యైనను, ఈ పెరుగుదలకు ప్రధానకారణము పొగాకు. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అనువారును, అమెరికాలో వైండరు, గ్రాహము అనువారును వేర్వేరుగా ఈ సంబంధమును స్థాపించిరి. ఈ గ్రాహముగారిని గూర్చి మరల చెప్పవలసి యున్నది.

మన జిల్లాకు పొగాకుతో గల సంబంధమును దాచి ప్రయోజనము లేదు. సిద్దిపేటలోను, దుబ్బాకలోను ఎందరో తల్లులు చాటను ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొగాకు పొడి నింపి, దారము చుట్టి బీడీలు చేయుదురు. ఆ కూలితో బడి పుస్తకములు కొనుకొనిన పిల్లలు మన తరగతులలో నుండియున్నారు, ఉన్నారు. ఆ తల్లుల కష్టమును తక్కువచేసి మాటలాడుట మా ఉద్దేశము కాదు. ఐనను బీడీ సిగరెట్టుకంటె చిన్నది గనుక మెత్తనిదను నమ్మకము సరికాదు. తునికాకు చుట్టు కాగితమువలె గాలిని పోనీయదు. అది ఆరిపోకుండుటకై పీల్చువాడు మరింత గట్టిగా, మరింత తరచుగా లాగవలసి వచ్చును. ఇక శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్టను అడ్డపొగగా, అనగా నిప్పుగల కొనను నోటిలో నుంచుకొని త్రాగు ఆచారము స్త్రీలలో చిరకాలముగా నున్నది. అచ్చట క్యాన్సరు అంగిట పుట్టుట వైద్యశాస్త్రమున ప్రసిద్ధము. పొగ యెచ్చట తగిలిన అచ్చట చెరుపు చేయునని దీనివలన తెలియును. పొగత్రాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సరు రాదని మాత్రము చెప్పరాదు. పొగపట్టిన వంటయింటి గాలి, పట్టణముల చెడుగాలి, ఇతరుల బీడీ పొగయు కారణములే. ఏ కారణమును పట్టుపడని రోగులును కలరు.

వ్యాధి యెట్లు మొదలగును? ఊపిరితిత్తి లోపలి పొరలోని ఒక్క కణము చెడుటతో. కణమునందు ఎప్పుడు విభజించుకొనవలెనో, ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు చావవలెనో తెలుపు ఆజ్ఞలు కలవు. ఏండ్లతరబడి తగిలిన పొగవలన ఆ యాజ్ఞలు ఒక్కొక్కటిగా చెరిగిపోవును. ఆగుట మరచిన కణము రెండగును, రెండు నాలుగగును. లెక్కలయం దాసక్తిగల విద్యార్థులు 2ను 30 మార్లు రెట్టించి చూడవలెను. 107 కోట్లకు పైగా వచ్చును. ఒక సెంటిమీటరు వెడల్పుగల గడ్డ, అనగా పెద్ద శనగగింజంతది, సుమారు 100 కోట్ల కణములు గలది. ఎక్స్‌రే పటములో వైద్యుని కంటికి కనబడుటకు ఇంచుమించుగా ఇంత గడ్డ కావలెను. అనగా మనము "ఇప్పుడే మొదలైనది" అనుకొను నాటికే అది ముప్పది తరములు గడిచిన వంశము. ఈ కాలమంతయు నొప్పి యుండదు. ఊపిరితిత్తి లోపలి భాగమున నొప్పి తెలుపు నరములు లేవు.

ఇక ఊపిరితిత్తి నిర్మాణమును చూతము. వ్యాసములోని ముఖ్యాంశ మిచ్చటనే యున్నది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. వీనిలో ముప్పది కోట్లకు పైబడిన గాలితిత్తులు కలవు. వాని లోపలి పొరలనన్నిటిని విప్పి పరచిన సుమారు 70 చదరపు మీటర్లు, అనగా ఒక విశాలమైన తరగతిగది యంత స్థల మగును. ఈ తిత్తులచుట్టు వెండ్రుకకంటె సన్నని రక్తనాళములు అల్లుకొనియుండును. దేహములోని రక్తమంతయు, నిమిషమునకు సుమారు 5 లీటర్ల చొప్పున, ఈ వల గుండ పోవలసినదే. ఇతర అవయవములకు తమతమ వంతు రక్తము మాత్రమే పోవును. ఊపిరితిత్తులకు మాత్రము మొత్తము పోవును.

దీనినుండి యొక విచిత్రమైన ఫలితము కలుగుచున్నది. పేగులో క్యాన్సరు పుట్టినదనుకొందము. దాని కణము రక్తములో పడినచో అది మొదట కాలేయమునకు పోవును, ఏలయన పేగుల రక్తము కాలేయముగుండ వడగట్టబడి గాని గుండెకు చేరదు. రొమ్ములోనో గర్భాశయములోనో పుట్టినదాని కణము సిరలద్వారా గుండె కుడిభాగమునకు వచ్చి అచ్చటినుండి ఊపిరితిత్తులలోని సన్నని వలలో చిక్కుకొనును. ఇట్లు దేహములోని యితర క్యాన్సరులకు మార్గమధ్యమున ఒకటి రెండు జల్లెడలు కలవు. ఊపిరితిత్తియే ఆ పెద్ద జల్లెడ. మరి జల్లెడలోనే గడ్డ పుట్టినయెడల? దాని కణము ఊపిరితిత్తినుండి వెడలు సిరలో పడి, ఏ యడ్డంకియు లేక గుండె ఎడమభాగమునకు చేరును. ఆ మరుక్షణమే గుండె దానిని బృహద్ధమనిలోనికి చిమ్మును. అచ్చటినుండి మెదడునకు, ఎముకలకు, మూత్రపిండములకు, కాలిబొటనవ్రేలికి సైతము త్రోవ తెరచియే యున్నది.

మన యూళ్ల గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. పై చెరువు మత్తడి దుమికిన నీరు క్రింది చెరువునకు వచ్చును. గుర్రపుడెక్క క్రింది చెరువులో మొలచినచో పై చెరువులకు భయము లేదు. అన్నిటికిని నీ రిచ్చు పై చెరువులో మొలచినచో క్రింది చెరువు లన్నిటికిని చిక్కే. ఊపిరితిత్తి మన దేహమునకు పై చెరువు.

రక్తమార్గ మొక్కటే గాదు. గడ్డ పెరిగి ప్రక్కనున్న వానిని ఒరసికొని పోవుట మొదటి విధము. ఊపిరితిత్తిని కప్పియుండు పొరను చేరినచో ఆ పొరల నడుమ నీరు పట్టి ఆయాసము కలుగును. గుండె సంచిని చేరినచో అచ్చటను నీరు చేరును. ఎడమప్రక్క గొంతునకు పోవలసిన ఒక నరము విచిత్రముగా ఛాతీలోనికి దిగి, బృహద్ధమని వంపు క్రిందుగా చుట్టి, మరల పైకెక్కి స్వరపేటికను చేరును. ఛాతీలోని గడ్డ ఆ నరమును నొక్కినచో గొంతు బొంగురుపోవును. చలువచేసినదని పాలలో మిరియాలు వేసికొని త్రాగుచు నెలలు గడిపినవారి గొంతు బొంగురునకు కారణము ఛాతీలో నుండుట కలదు. మూడు వారములు దాటిన బొంగురును వైద్యునికి చూపవలె ననుట అందువలననే.

రెండవ విధము శోషరసము వెంట పోవుట. రక్తనాళములనుండి ఊరిన నీటిని మరల చేర్చుకొని వచ్చు సన్నని కాలువలు దేహమంతట కలవు. వీని నడుమ నడుమ గింజలవంటి గ్రంథులుండును. కాలికి ముల్లు విరిగి చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట అందర మెరుగుదుము. ఆ బిళ్ళయే యీ గ్రంథి. ఊపిరితిత్తిలోని క్యాన్సరు కణములు మొదట శ్వాసనాళపు మొదటనున్న గ్రంథులలో, పిదప రెండు ఊపిరితిత్తుల నడుమనున్న గ్రంథులలో, ఆ తరువాత మెడయెముక మీది గుంటలోని గ్రంథులలో నిలుచును. వైద్యుడు ఛాతీ చూడవచ్చి మెడను తడవి చూచుట వింతగా దోచును గాని, అచ్చట వ్రేలికి తగులు గట్టి బిళ్ళ ఆయనకు చాల సంగతులు చెప్పును.

ఐతే ఈ ప్రయాణము సులభమని యెంచరాదు. పుట్టినచోట కణములు ఒకదానినొకటి జిగురువంటి పదార్థములతో పట్టుకొనియుండును. విడివడుటకు ఆ పట్టు వదలవలెను. క్రిందనున్న పొరను కరగించు రసములను స్రవించి సందు చేసికొనవలెను. రక్తనాళపు గోడను దూరవలెను. లోపల పడిన పిదప ప్రవాహపు ఒరపిడికి నలిగిపోవచ్చును, తెల్లకణములకు చిక్కి చావవచ్చును. కొన్ని కణములు గాయమున రక్తము గడ్డకట్టించు ఫలకికలను తమపై కప్పుకొని, మారువేషము వేసిన దొంగవలె తప్పించుకొనును. కొన్ని గుంపులుగా పోవును. రక్తములో క్యాన్సరు కణములుండుట మొదట కనుగొనినవాడు ఆస్ట్రేలియాలోని థామస్ యాష్‌వర్త్ అను వైద్యుడు, 1869లో. ఒక మృతుని రక్తమున గడ్డలోని కణములవంటి వానినే ఆయన సూక్ష్మదర్శినితో చూచెను. సుమారు నూరేండ్ల పిదప, 1970లో, ఐసయా ఫిడ్లరు అను శాస్త్రజ్ఞుడు ఎలుకల రక్తమున గుర్తుపెట్టిన క్యాన్సరు కణములను ప్రవేశపెట్టి లెక్కించెను. క్రొత్త గడ్డగా మొలవగలిగినవి వేయింట ఒకటికంటె తక్కువ. తక్కినవన్నియు నశించెను. దేహము ఊరక చూచుచుండదు, ప్రతిదినము పోరాడుచునే యున్నది. కాని గడ్డనుండి వెలువడు కణములు లెక్కలేనన్ని. వేయింట ఒకటి కంటె తక్కువ మిగిలినను చాలును.

ఇచ్చట శాస్త్రజ్ఞుల నడుమ ఒక వాదము కలదు. అది మన రైతులకు బాగుగా అర్థము కాగలది. జేమ్స్ ఈవింగ్ అను అమెరికా పండితుడు 1920ల ప్రాంతమున, నీరు పారినచోటికే విత్తనము పోవునన్నట్లు, రక్తము పారు తీరును బట్టియే క్యాన్సరు చేరుచోటు నిర్ణయమగునని చెప్పెను. ఆయనకు పూర్వమే 1889లో లండనులోని స్టీఫెన్ పాజెట్ మరియొక మాట చెప్పియుండెను. రొమ్ము క్యాన్సరుతో మరణించిన 735 మంది వివరములను పరిశీలింపగా కాలేయమున గడ్డలు 241 మందిలో నుండగా ప్లీహమున 17 మందిలో మాత్రమే కనబడెను. రక్తము రెంటికిని పుష్కలముగా పోవును గదా, ఇంత భేద మేల? విత్తనము అన్ని దిక్కులకు ఎగిరిపోవును గాని తనకు తగిన నేలలోనే మొలచునని ఆయన సిద్ధాంతము.

ఇద్దరి మాటయు కొంత నిజమే. ఊపిరితిత్తుల క్యాన్సరు మెదడున కెక్కువగా పోవుటకు రక్తప్రవాహమొక కారణము. దేహపు బరువులో నూటికి 2 వంతులే యైన మెదడు గుండె పంపు రక్తములో నూటికి సుమారు 15 వంతులు తీసికొనును. కాని మూత్రపిండములమీద టోపీలవలె కూర్చుండు అధివృక్క గ్రంథులు ఒక్కొక్కటి కొలది గ్రాముల బరువే గదా, ఈ క్యాన్సరు వానిని తరచుగా చేరుచున్నది. మనము నడచునపుడు, పని చేయునపుడు ఎంతయో రక్తము త్రాగు కండరములలో మాత్రము అరుదుగా మొలచును. నల్లరేగడిలో ప్రత్తి, చల్కలో ఆముదము పండించు సిద్దిపేట రైతును అడిగిన, పాజెటు పక్షమే చేరునని మా యభిప్రాయము.

ఎముకను ఉదాహరణముగా తీసికొందము. అది రాయివంటి జడపదార్థము కాదు. పాత ఎముకను తినివేయు కణములును, క్రొత్తది కట్టు కణములును అందు నిత్యము పనిచేయుచుండును. వచ్చిచేరిన క్యాన్సరు కణము తాను స్వయముగా ఎముకను కొరుకదు. తినివేయు కణములను రెచ్చగొట్టి వానిచేత కరగింపజేయును. కరిగిన ఎముకలోనుండి పెరుగుదలకు తోడ్పడు పదార్థములు వెలువడును. వానిని తిని క్యాన్సరు మరింత బలియును, మరల మరింత రెచ్చగొట్టును. వెన్నుపూసలు, ప్రక్కటెముకలు, తుంటియెముకలు దీని కెక్కువగా లోనగును. రాత్రి పడుకొనినను తగ్గని నొప్పి, చిన్న తాకిడికే విరుగుట దీని గుర్తులు. వెన్నుపూస కుంగి వెన్నుపామును నొక్కినచో కాళ్లు చచ్చుబడును. గంటలలో చికిత్స జరుగవలసిన సమయమిది. ఇట్టి వెన్నును మర్దనము చేయించుట, త్రొక్కించుట ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును.

కొన్ని విత్తనములు నేలబడినవెంటనే మొలవక, వాన పడువరకు భూమిలోనే యుండునట్లు, కొన్ని కణములు చేరినచోట నెలలు, ఏండ్లు నిద్రించుచుండును. క్రొత్తచోట గడ్డ రెండు మూడు మిల్లీమీటర్లు దాటవలెనన్నచో తనకు సొంత రక్తనాళములు తెచ్చుకొనవలెను. 1971లో జుడా ఫోక్‌మన్ అను వైద్యుడు ఈ సంగతిని సిద్ధాంతరూపమున ప్రకటించెను. శస్త్రచికిత్స చక్కగా జరిగి, రోగి సుఖముగా నుండి, మూడేండ్లకు మెదడున గడ్డ కనబడినచో "మరియొక క్యాన్సరు వచ్చినది" అని ఇంటివారందురు. సాధారణముగా అది పాతదే. సూక్ష్మదర్శినిక్రింద చూచిన ఆ కణములు మెదడు కణములవలె గాక ఊపిరితిత్తి కణములవలె నుండును. వైద్యులు దానిని మెదడు క్యాన్సరనరు, మెదడునకు చేరిన ఊపిరితిత్తుల క్యాన్సరందురు. మందును ఎన్నుకొనుట దీనినిబట్టియే గనుక ఇది మాటల భేదము కాదు.

మన దేశమున ఈ వ్యాధిని గుర్తించుటలో క్షయ మరియొక చిక్కు తెచ్చిపెట్టుచున్నది. దగ్గు, కఫమున రక్తపుచారలు, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో నీడ రెంటికిని సామాన్యము. క్షయయు వెన్నుపూసలను చేరగలదు, మెడలో బిళ్ళలు కట్టగలదు, మెదడున గడ్డ చేయగలదు. అందుచేత క్షయమందులు మ్రింగుచు కొన్ని నెలలు పోగొట్టుకొని పిదప క్యాన్సరని తెలిసికొను రోగులు మన దేశమున తక్కువమంది కారు. ఇందులో ఎవ్వరిని నిందింప నక్కరలేదు. క్షయ మనకు విస్తారముగా నున్నది, వైద్యుడు ముందుగా దానినే తలచుట సహజము. ఐనను కఫపరీక్షలో క్షయక్రిములు కనబడక, మందు మొదలిడి వారములు గడిచినను నీడ తగ్గక యుండినచో మరల అడుగవలసినదే. సందేహమును తీర్చునది ముక్క పరీక్ష. సూది గ్రుచ్చినచో క్యాన్సరు రేగి ప్రాకునని మన ఊళ్లలో గట్టి నమ్మకము కలదు. ఊపిరితిత్తి ముక్క తీయుటవలన సూది మార్గమున క్యాన్సరు మొలచుట మిక్కిలి అరుదు. ముక్క తీయక ఆలస్యము చేయుటవలన అది రక్తమున పడుట నిత్యము జరుగుచున్నది. ముక్క తీసినతరువాత రోగి క్షీణించుట చూచి, దానికిని దీనికిని ముడిపెట్టుటచే ఈ నమ్మకము కలిగియుండును.

ప్రాకుట, ప్రాకకుండుట అను ఒక్క భేదము మనుష్యుని జీవితమున నెంత పనిచేయునో ఇంతకుముందు పేర్కొనిన ఎవార్ట్స్ గ్రాహముగారి చరిత్రవలన తెలియును. ఆయన అమెరికాలోని సెయింట్ లూయీ పట్టణమున శస్త్రవైద్యుడు. 1933 ఏప్రిలులో ఆయన జేమ్స్ గిల్మోరు అను మరియొక వైద్యుని ఎడమ ఊపిరితిత్తి నంతను తొలగించెను. క్యాన్సరునకై ఒక ఊపిరితిత్తిని పూర్తిగా ఒక్కమారే తీసి రోగిని బ్రదికించిన మొదటి శస్త్రచికిత్స యదియే. గిల్మోరునకు వ్యాధి దూరమునకు పోయియుండలేదు. ఆయన ఒక్క ఊపిరితిత్తితో ముప్పది యేండ్లు జీవించి 1963లో మరణించెను. గ్రాహము తాను చిరకాలము సిగరెట్లు కాల్చినవాడు. పొగాకుకును క్యాన్సరునకును గల సంబంధమును తానే కనుగొనిన పిదప మానెను. 1957లో ఆయనకే ఊపిరితిత్తుల క్యాన్సరు బయటపడెను. అప్పటికే రెండు ప్రక్కలకును వ్యాపించియుండెను. ఆయన నేర్చిన కత్తి ఆయనకు పనికిరాలేదు. ఆ సంవత్సరమే మరణించెను. రోగి వైద్యునికంటె ఆరేండ్లు ఎక్కువ బ్రదికెను.

కత్తి ఒక్కచోటనే పనిచేయును. రక్తమున పోయిన విత్తనమును వెంటాడవలెనన్నచో రక్తమున పోవు మందే కావలెను. ఈ మార్గమును తెరచినవారిలో మన తెలుగువా డొకడు గలడు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరిలో భీమవరమున జన్మించిరి. (రాంట్జెను ఎక్స్ కిరణములను కనుగొనినది ఆ సంవత్సరము చివరనే.) అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతియై, తన సహచరులతో కూడి ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన మందులను తయారుచేయించిరి. కణము రెండగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానికి మారుగా దానిని బోలిన మోసపు పదార్థము నిచ్చినచో విభజన ఆగిపోవును. అందులో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరుగల పిల్లల కిచ్చి, వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గుటను 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కున కాలధర్మము నొందిరి.

ఆయన చూడని ఫలితము మరియొకటి కలదు. అది మన విషయమునకు మిక్కిలి దగ్గరది. మావి కణములనుండి పుట్టు ఒక క్యాన్సరు కలదు. అది గర్భాశయమునుండి సిరలద్వారా బయలుదేరి, మనము చెప్పుకొనిన జల్లెడ న్యాయము ప్రకారము, ఊపిరితిత్తులలో చిక్కుకొని గడ్డలు కట్టును. అట్టి స్త్రీలు బ్రదుకుట అప్పటివరకు చాల అరుదు. 1956లో మిన్ చివ్ లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులును వారి సహచరులును, సుబ్బారావుగారి పరిశోధనాలయమున పుట్టిన మెథోట్రెక్సేటు అను మందు నిచ్చిరి. ఎక్స్‌రే పటములలో ఊపిరితిత్తుల నీడలు కరగిపోయెను. దూరమునకు ప్రాకిన గట్టి క్యాన్సరును కేవలము మందుతో మాన్పిన మొదటి సందర్భముగా దీనిని చెప్పుదురు.

ఊపిరితిత్తులలో పుట్టి ప్రాకిన క్యాన్సరునకు అంతటి సంపూర్ణవిజయ మింకను కలుగలేదు. వ్యాధి దూరావయవములకు చేరిన పిదప దానిని సమూలముగా మాన్పుట నేటికిని అరుదు, ఆయువును పొడిగించుట మాత్రము చాలవరకు సాధ్యమైనది. గత ఇరువది యేండ్లలో క్రొత్త మందులు వచ్చినవి. మన దేశమున ఊపిరితిత్తుల క్యాన్సరులలో ఎక్కువగా కనబడు గ్రంథికణ జాతిదానిలో నాలుగవ వంతు ప్రాంతమున ఒక జన్యువు మార్పు కనబడుచున్నది. పొగత్రాగని స్త్రీలలో ఇది మరింత హెచ్చు. అట్టివారికి మాత్రపూర్వకముగానే చికిత్స కలదు, అందు కొన్ని మాత్రలు మెదడునకు సైతము చేరి పనిచేయును. మరికొందరికి తెల్లకణములను మేలుకొల్పు సూదిమందు లిత్తురు. ముక్క పరీక్ష చేయనిదే ఎవ్వరికేది తగునో తెలియదు.

సిద్దిపేటవారికి త్రోవ ఇట్లున్నది. 2018లో మన పట్టణమున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది గనుక మొదటి పరీక్షలకు ఊరు విడువనక్కరలేదు. క్యాన్సరని తేలినచో, హైదరాబాదు రెడ్ హిల్సులో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు చికిత్సాలయము కలదు. అచ్చటి వైద్యులు మొదట తెలిసికొన జూచునది గడ్డ యెంత పెద్దదని మాత్రమే గాదు, అది యెంతవరకు పోయినదని. అందుకై ఛాతీతోబాటు పైకడుపును పటము తీయుదురు, అధివృక్క గ్రంథులును కాలేయమును అందు కనబడును. తలకు వేరుగా తీయుదురు. ఎముకలకు వేరుగా చూతురు. "దగ్గుకు వచ్చినచో తల పటమేల, ఊరక ఖర్చు" అని సణుగుకొనువారికి కారణము పై పుటలలో చెప్పియేయున్నాము.

లక్షణములు కనబడకముందే, ఏండ్లతరబడి పొగత్రాగినవారికి తక్కువ కిరణములతో ఛాతీ పటము తీసి చూచు పద్ధతి యొకటి అమెరికాలో పరీక్షింపబడినది. 53,000కు పైబడిన జనులపై జరిగిన ఆ పరిశోధన ఫలితము 2011లో వెలువడెను. సాధారణ ఎక్స్‌రే తీయించుకొనినవారితో పోల్చగా వీరిలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు నూటికి 20 వంతులు తగ్గెను. కాని మానిన క్షయ మచ్చలు అనేకుల ఊపిరితిత్తులలో మిగిలియున్న మన దేశమున అట్టి పటములలో ప్రతి మచ్చయు అనుమానము పుట్టించును. ఏది మచ్చ, ఏది మొలక యని తేల్చుటకు అనవసరముగా ఎందరినో సూదులకు, కత్తులకు గురిచేయవలసి వచ్చును. కావున ఆ పద్ధతిని యథాతథముగా ఇచ్చటికి దింపుట సాధ్యము కాలేదు.